షోరూంలో మందారం, ఇంట్లో వక్క రంగు: ఎర్ర ఫర్నిచర్, ఎర్ర దీపాల వెనక అసలు సంగతి

కర్నూలు, కడప, అనంతపురం పట్టణాల్లో కొత్తగా పాలు పొంగించిన ఇళ్లకు వెళితే హాలులో ముదురు ఎరుపు సోఫానో, ఫాల్స్ సీలింగ్ అంచు వెంట ఎర్ర స్ట్రిప్ లైటో, డైనింగ్ టేబుల్ మీద వేలాడే ఎర్ర షేడో కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. దానితో పాటే ఒక ఫిర్యాదు కూడా వినిపిస్తుంటుంది. షోరూంలో మందార పువ్వులా మెరిసిన సోఫా ఇంటికి వచ్చాక వక్క రంగులోకి దిగిపోయిందనీ, దుకాణదారు చూపించిందొకటి, పంపిందొకటనీ అనుకునేవారు ఉన్నారు. అదే సోఫా మధ్యాహ్నం ఒక రంగులో, ట్యూబ్‌లైటు వేశాక మరో రంగులో కనిపిస్తోందని అయోమయపడేవారూ ఉన్నారు. చాలా సందర్భాల్లో మారింది సరుకు కాదు, దాని మీద పడే వెలుతురు.

క్లుప్తంగా

మిగతా రంగుల కన్నా ఎరుపు వెలుతురు మీద ఎక్కువ ఆధారపడుతుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బుల కాంతిలో ఎరుపు పాలు తక్కువ, పైగా మసక వెలుతురులో కన్ను ఎరుపును సరిగా పట్టుకోలేదు. నల్ల బండల నేల, పడమటి ఎండ, ఎర్ర గోడ కలిస్తే ఈ ఇబ్బంది పెరుగుతుంది. ఎర్ర వస్తువు మీద మంచి పసుపుపచ్చ కాంతి వేయడం ఒక పద్ధతి, గదినే ఎర్ర కాంతితో నింపడం మరో పద్ధతి. ఈ రెండింటి ఫలితాలకు పొంతన ఉండదు.

బల్బులో లేని రంగు సోఫాలో కనిపించదు

ఎర్ర గుడ్డ ఎర్రగా కనిపించడానికి కారణం, దాని మీద పడిన కాంతిలో నీలం, ఆకుపచ్చ పాళ్లను అది మింగేసి ఎరుపు పాలును మాత్రమే కంటి వైపు తిప్పి పంపడం. అంటే పడిన కాంతిలో ఎరుపు ఉండాలి. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పట్టపగలు వాకిట్లో పెట్టిన ఎర్ర కుర్చీ రంగు మీద ఎవరికీ సందేహం రాదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బులో ఎరుపు పాలు ఎండలో కన్నా ఎక్కువ. ఆ బల్బు కింద పెళ్లిచీర ఎరుపు నిగనిగలాడేది అందుకే.

తెల్ల ఎల్‌ఈడీ పని తీరు వేరు. దాని లోపల నిజానికి నీలి కాంతినిచ్చే చిప్ ఉంటుంది. దాని మీద పూసిన పసుపు రంగు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. తెల్ల గోడను చూడటానికి ఈ ఏర్పాటు చాలు. కాంతి రంగును దాని తరంగం పొడవును బట్టి నానోమీటర్లలో చెబుతారు. ముదురు ఎరుపు ఉండే 620 నానోమీటర్లకు పైబడిన ప్రాంతంలో మాత్రం ఈ కాంతి పలచగా ఉంటుంది. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం ఎల్‌ఈడీ బల్బులను చవకగా అందించే ఉజాలా పథకాన్ని ప్రారంభించిన తరవాత దేశమంతటా ఫిలమెంట్ బల్బుల స్థానంలోకి ఎల్‌ఈడీలు వేగంగా వచ్చాయి. కరెంటు బిల్లు తగ్గడం అందరికీ తెలిసింది. ఇంట్లో ఎరుపు రంగు కాస్త చిన్నబోయిన సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

బల్బు డబ్బా మీద ఉండే రెండు అంకెలు ఇక్కడ పనికొస్తాయి. మొదటిది కెల్విన్లలో చెప్పే రంగు ఉష్ణోగ్రత. 2700 నుంచి 3000 వరకు ఉంటే పసుపుపచ్చ కాంతి, 4000 దగ్గర మధ్యస్థం, 6500 ఉంటే నీలి ఛాయ ఉన్న తెలుపు. మన దుకాణాల్లో అడగకుండా చేతికిచ్చేది సాధారణంగా 6500 కెల్విన్ల బల్బే. ఎర్ర వస్తువులకు అది అన్నిటికన్నా తక్కువగా నప్పుతుంది. రెండోది సీఆర్‌ఐ, అంటే రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సూచిక. దీనికి గరిష్ఠం 100.

ఈ సీఆర్‌ఐ లెక్కలో ఒక మెలిక ఉంది. సాధారణంగా ప్రకటించే అంకె ఎనిమిది లేత రంగు నమూనాల సగటు మాత్రమే. గాఢమైన ఎరుపు తొమ్మిదో నమూనా, దాన్ని ఆ సగటులో కలపరు. ఆర్‌9 అని పిలిచే ఆ అంకెను విడిగా చూసుకోవాలి. డబ్బా మీద సీఆర్‌ఐ 80 అని ఉన్న బల్బులోనూ ఆర్‌9 సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. అన్ని సబ్జెక్టుల్లో 80 మార్కులు తెచ్చుకుని, ఎరుపు అనే ఒక్క సబ్జెక్టులో తప్పిన విద్యార్థి లాంటిదది, కాకపోతే ఆ సబ్జెక్టు మార్కుల కార్డులోనే ఉండదు. సీఆర్‌ఐ 90 దాటిన బల్బుల్లో ఎరుపు పాలు మెరుగ్గా ఉంటుంది. షోరూంలు సరుకు మీద స్పాట్ లైట్లు వేసేటప్పుడు ఎక్కువగా ఇలాంటి పసుపుపచ్చ కాంతినే ఎంచుకుంటాయి. అందులో మోసమేమీ లేదు, పువ్వులమ్మేవారు మల్లెల మీద నీళ్లు చల్లడం లాంటిదే. ఆ సోఫాను ఇంట్లో 6500 కెల్విన్ల ట్యూబ్ కింద వేసినప్పుడు మందారం వక్కగా మారడానికి ఈ తేడాయే కారణం.

మసక వెలుతురులో కంటి తీరు

బల్బు సంగతి అలా ఉంటే కంటి సంగతి మరొకటి. మంచి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చను బాగా గుర్తిస్తుంది. వెలుతురు తగ్గితే కంటిలో రంగులను గుర్తించే శంకు కణాల పని మందగించి, మసకలో చూపునిచ్చే దండ కణాలు ముందుకొస్తాయి. అప్పుడు కంటి చురుకుదనం 507 నానోమీటర్ల వైపు, అంటే నీలం కలిసిన ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఎరుపు ఆ పరిధికి దూరంగా పడిపోతుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 1819 ప్రాంతంలో దీన్ని గమనించాడు. పగటి ఎండలో ఆకుల కన్నా మిన్నగా వెలిగే ఎర్ర పువ్వులు తెల్లవారుజామున ఆకుల కన్నా నల్లగా ఉండటం ఆయన కంటపడింది. ఇంటి ముందు మందార చెట్టున్నవారు ఎవరైనా సూర్యోదయానికి ముందు ఒకసారి చూస్తే చాలు.

రాయలసీమ పాత ఇళ్లలో దీని ప్రభావం మరీ ఎక్కువ. మట్టి మిద్దెలకు గోడలు మందం, కిటికీలు చిన్నవి, పడసాలలోకి వెలుతురు తలుపు నుంచో పైనున్న గవాక్షం నుంచో రావాలి. ఎండలు 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాల్లో ఆ చీకటే చల్లదనం కూడా. అలాంటి గదిలో ఎర్ర దివాన్ వేస్తే గవాక్షం కింద వెలుతురు పడిన మేర ఎర్రగానూ, మూల వైపు సగం దాదాపు నల్లగానూ కనిపిస్తుంది. పాత మిద్దెను అందంగా మార్చుకోవాలనుకునేవారు ఎరుపును మూలకు కాక, వెలుతురు దిగే చోటికి తేవడం మేలు. మూలలోనే పెట్టక తప్పకపోతే దానికంటూ ఒక దీపం వేయాలి.

నల్ల బండ మీద ఎరుపు, తెల్ల గోడ మీద ఎరుపు

ఈ ప్రాంతపు నేలలు కూడా లెక్కలోకి వస్తాయి. కడప నల్ల బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల పాలిష్ బండలు ఇక్కడి ఇళ్లలో తరాలుగా ఉన్నవే. వాటిలో కడప బండ బాగా ముదురు రంగుది. మీద పడిన కాంతిలో చాలా భాగాన్ని అది మింగేస్తుంది. తెల్ల సున్నపు గోడ పడిన వెలుతురులో అయిదింట నాలుగు వంతులను వెనక్కి పంపితే, ముదురు ఎరుపు ఉపరితలం పంపేది పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. నేల నల్లనిది, సోఫా ఎర్రనిది, దానికి తోడు గోడ కూడా ఎర్రనిదైతే మూడూ కలిసి గదిలోని వెలుతురును పీల్చేసుకుంటాయి. అప్పుడు బల్బులు పెంచాల్సి వస్తుంది. గోడ తెల్లగా ఉండి సోఫా మాత్రమే ఎర్రగా ఉంటే నల్ల బండ ఆ ఎరుపుకు మంచి అడుగు రంగుగా నిలుస్తుంది. బేతంచెర్ల బండల లేత ఛాయలు ఎరుపుతో ఇంకా సులువుగా కలిసిపోతాయి.

గోడకూ ఫర్నిచర్‌కూ ఉన్న కొలత తేడాను చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఏడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న సోఫా ఎదురుగా చూసేవారికి 21 చదరపు అడుగుల ఎరుపు. పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గోడకు ఎరుపు వేస్తే 150 చదరపు అడుగులు, అంటే ఏడు సోఫాలను ఒకదాని మీద ఒకటి పేర్చినంత. రంగుల పుస్తకంలో అగ్గిపెట్టంత ముక్క చూసి గోడ రంగు ఎంచుకున్నవారికి అది గోడ మీదికెక్కాక నాలుగింతలు ఘాటుగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. గోడల రంగు 60 పాళ్లు, ఫర్నిచర్, కర్టెన్ల రంగు 30 పాళ్లు, గట్టి రంగు 10 పాళ్లు అని ఇంటీరియర్ పనివారు చెప్పే సూత్రం శిలాశాసనమేమీ కాదు గానీ, ఎరుపు విషయంలో మాత్రం అది దాదాపుగా నిజమవుతుంది.

ఎర్ర గోడకు ఎదురుగా తెల్ల గోడ ఉంటే అదీ పూర్తి తెల్లగా మిగలదు. ఎర్ర గోడ నుంచి తిరిగి వచ్చే కాంతి ఎర్రది కాబట్టి ఎదుటి గోడ మీద గులాబీ ఛాయ పరుచుకుంటుంది. ఇక పెయింటర్ల వైపు నుంచి చూస్తే, మెరిసే ఎరుపు రంగులు చాలావరకు కింది గోడను సరిగా కప్పలేవు. తెల్ల ప్రైమర్ మీద మూడు పూతలు వేసినా మచ్చలు తేలుతుంటే నాలుగోది వేయాలి. బూడిద రంగు ప్రైమర్ వేసి మొదలుపెడితే ఆ పని తగ్గుతుంది. లెక్క కట్టేటప్పుడు రెండు పూతలకే ధర మాట్లాడుకుని తరవాత మేస్త్రితో వాదులాడే కన్నా ఇది ముందే తేల్చుకోవడం మంచిది.

ఎండకు ఎవరు ముందు వెలిసిపోతారు

షామియానాల కింద వేసే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలను గమనిస్తే ఎండ చేసే పని తెలుస్తుంది. కొత్తలో మిరపపండులా ఉన్న కుర్చీ నాలుగు వేసవులు ఆరుబయట గడిపాక లేత గులాబీకి వస్తుంది. వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది. సీటు అడుగు భాగాన్ని తిప్పి చూస్తే పాత ఎరుపు అలాగే ఉంటుంది. అతినీల లోహిత కిరణాలు పైపొరలోని ప్లాస్టిక్‌నూ రంగునూ కలిపి తినేశాయన్నమాట. ఎర్ర వస్తువుకు ఇక్కడ అదనపు చిక్కు ఏమిటంటే, అది ఎర్రగా ఉండటానికే నీలం, ఆకుపచ్చ కాంతులను మింగాలి. కనిపించే కాంతిలో శక్తి ఎక్కువగా ఉండేవి నీలం వైపు కిరణాలే. రంగు అణువులను విరగ్గొట్టేది ఆ శక్తే.

ఇంట్లోకి వచ్చాక అద్దం కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. మామూలు కిటికీ అద్దం అతినీల లోహితంలో ఒక భాగాన్నే ఆపుతుంది. పడమటి కిటికీ పక్కన వేసిన రెక్సిన్ సోఫాలో ఎండ పడే చేయి ఒక రంగు, నీడలో ఉన్న చేయి మరో రంగు కావడం ఇందువల్లే. గుడ్డ ఎండకు ఎంత నిలుస్తుందో చెప్పడానికి బట్టల పరిశ్రమ 1 నుంచి 8 వరకు ఒక కొలబద్ద వాడుతుంది. అందులో 8 అంటే బాగా నిలిచేది. సోఫా గుడ్డ కొనేటప్పుడు ఈ అంకె అడగడం మనకు అలవాటు లేదు. దాంతో పాటు తడి తెల్లగుడ్డతో సీటు మీద గట్టిగా రుద్ది చూడటం ఇంకా సులువైన పరీక్ష. ఎరుపు దిగితే పంచెలకూ, తెల్ల చొక్కాలకూ అంటుకోక మానదు.

ఎర్ర సోఫా వల్ల గది వేడెక్కుతుందా అన్న సందేహానికి జవాబు చిన్నదే. ఎండ నేరుగా పడనంత వరకు సోఫా రంగుకూ గది వేడికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదు. ఎండ పడితే మాత్రం ముదురు రెక్సిన్ కాలిపోతుంది, కూర్చున్నవారికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గదిని వేడెక్కించేది లోపలికి వచ్చిన ఎండ, దాన్ని ఆపాల్సింది కిటికీ దగ్గర.

జాజు ఎరుపు వేరు, సోఫా ఎరుపు వేరు

ఎరుపు ఈ నేలకు కొత్త కాదు. గుడి గోడల మీద సున్నపు పట్టెల పక్కన జాజు (ఎర్రమట్టి రంగు) పట్టెలు, తులసికోటకు ఎర్రమన్ను పూత, గడపకు పసుపూ కుంకుమా, పాత ఇళ్లలో రెడ్ ఆక్సైడ్ కలిపి నున్నగా రుద్దిన సిమెంటు గచ్చు, ఇనుప కిటికీకి మొదటి పూతగా వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అన్నీ తెలిసినవే. కుంకుమను పక్కన పెడితే ఇక్కడి ఎరుపులన్నిటికీ మూలం ఐరన్ ఆక్సైడ్, తేలిగ్గా చెప్పాలంటే ఇనుప తుప్పు. అనంతపురం ఎర్ర నేలలకు ఆ రంగు తెచ్చిందీ అదే. అది ఇప్పటికే పూర్తిగా ఆక్సీకరణ చెందిన పదార్థం కాబట్టి ఎండకు ఇక కొత్తగా పాడయ్యేదేమీ ఉండదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో ఆ మట్టి ఎరుపులు ఇవాళ్టికీ చూడవచ్చు.

జాజు మెరవదు, కాస్త గోధుమ రంగు వైపు ఒరిగి ఉంటుంది, కింది పొరను బాగా కప్పుతుంది. ఇప్పటి సోఫా, సన్‌మైకా, ఎనామెల్ ఎరుపులు చాలావరకు కృత్రిమ కర్బన రంగులు. వాటికి మెరుపు ఎక్కువ, నిలకడ రకాన్ని బట్టి మారుతుంది. పూర్వం మెరిసే ఎరుపు, పసుపు పెయింట్లలో సీసం సమ్మేళనాలు వాడేవారు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పాత ఎర్ర తలుపులను గీకి కొత్త రంగు వేయించేటప్పుడు పొడిగా రుద్దకుండా తడిపి రుద్దడం, పిల్లలను దూరంగా ఉంచడం అవసరం.

ఫర్నిచర్‌లో మెరిసే ఎరుపును కావాలని ముందుకు తెచ్చింది యూరప్ డిజైనర్లు. డచ్ డిజైనర్ రీట్‌వెల్డ్ 1918లో చేసిన చెక్క కుర్చీకి మొదట రంగు లేదు. 1923 ప్రాంతంలో దాని వీపు పలకకు ఎరుపు, కూర్చునే పలకకు నీలం వేశాక ఆ రెండు రంగులే దాని పేరైపోయాయి. డెన్మార్క్‌కు చెందిన వెర్నర్ పాంటన్ ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీ 1967లో మార్కెట్లోకి వచ్చింది. మన ఫంక్షన్ హాళ్లలోని కుర్చీ దానికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

కడప ప్రాంతంలో ఎరుపు ఫర్నిచర్ అనగానే మరో పేరు అడ్డొస్తుంది. ఎర్రచందనం శేషాచలం, లంకమల, పాలకొండల అడవుల్లో సహజంగా పెరిగే చెట్టు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. దుకాణాల్లో 'ఎర్రచందనం రంగు' అని చెప్పే మంచాలు, బీరువాలు టేకు మీదో, ప్లైవుడ్ మీదో వేసిన పాలిష్ ఛాయ మాత్రమే. అసలు కలపే అని ఎవరైనా అమ్మజూపితే అటవీ శాఖ అనుమతి పత్రాలు అడగాల్సిన వ్యవహారమది.

ఎర్ర దీపం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

ఎర్ర వెలుగుకు మన ఇళ్లలో పాత రూపం దేవుడి గదిలోని ఎర్ర జీరో బల్బు. పేరుకు సున్నా అయినా ఫిలమెంట్ కాలంలో అది 12 నుంచి 15 వాట్ల దాకా లాగేది. ఇప్పటి ఎల్‌ఈడీ రకం అర వాటుతో సరిపెడుతుంది. పడకగదిలో రాత్రి దీపంగా ఎరుపుకు శాస్త్రపరమైన సమర్థన కూడా ఉంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను ఎక్కువగా అణిచేది 480 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలి కాంతి. మసక ఎర్ర కాంతి దాని జోలికి పెద్దగా పోదు.

హాలునో వంటగదినో ఎర్ర స్ట్రిప్‌తోనే వెలిగించడం వేరే సంగతి. ఎర్ర ఎల్‌ఈడీ కాంతి 620, 630 నానోమీటర్ల దగ్గర ఇరుకైన పట్టీలో ఉంటుంది, మిగతా రంగులు అందులో లేవు. ఆ వెలుగులో నీలి కర్టెన్ నల్లబడుతుంది, తెల్ల దుప్పటీ ఎర్ర దుప్పటీ ఒకేలా ఉంటాయి, తెల్ల కాగితం మీద ఎర్ర ఇంకుతో రాసింది కనిపించకుండా పోతుంది. టమాటా కోస్తూ వేలు తెగినా వెంటనే తెలియదు. అలాంటి గదిలో అరగంట కూర్చుని బయటికి వస్తే తెల్ల గోడలు కాసేపు ఆకుపచ్చగా తోస్తాయి. ఎరుపును చూసి చూసి అలసిన శంకు కణాలు వెనకబడటమే దీనికి కారణం. ఆపరేషన్ థియేటర్లలో తెలుపు బదులు ఆకుపచ్చ దుస్తులు వాడటం వెనకా ఈ సంగతి ఉంది. స్ట్రిప్ లైటును సీలింగ్ అంచుకో, టీవీ యూనిట్ వెనకకో పరిమితం చేసి, అసలు వెలుతురుకు వేరే బల్బులు ఉంచుకుంటే ఈ ఇబ్బందులు రావు.

ఈ రెండింటికీ నడుమ మూడో దారి ఈ ప్రాంతంలోనే ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అదే పనితనంతో లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును శుభ్రం చేసి, గీకి, సాగదీసి ఆరబెడితే అది కాంతి దూరేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, నగల గీతల వెంట సన్నని రంధ్రాలు పొడిచి, రంగులు నింపుతారు. దీపం వెలిగించగానే ఎర్ర చీర భాగం నుంచి ఎర్ర కాంతి, రంధ్రాల నుంచి తెల్ల చుక్కలు బయటికి వస్తాయి. ఎరుపు ఉన్నా గది మొత్తం ఎర్రబడదు, మొహాల రంగు చెడదు.

బల్బు లెక్క ఇక్కడా వర్తిస్తుంది. షేడ్‌లోని ఎర్ర భాగం ఒక జల్లెడ లాంటిది. బల్బు కాంతిలో ఉన్న ఎరుపును వదులుతుందే తప్ప లేనిదాన్ని పుట్టించలేదు. లోపల 6500 కెల్విన్ల ఎల్‌ఈడీ పెడితే నీలి, ఆకుపచ్చ భాగాలు పేలిపోయినట్టు వెలుగుతాయి, ఎరుపు మాత్రం మట్టిగా ఉండిపోతుంది. 2700 కెల్విన్ల బల్బు పెట్టి చూస్తే అదే బొమ్మలో ఎర్ర చీర ముందుకొస్తుంది. ఫిలమెంట్ బల్బు ఇంకా బాగా చూపిస్తుంది గానీ దాని వేడికి తోలు ముడుచుకుపోతుంది.

మనసు మీద చేసే పని

ఎరుపు ఆకలి పెంచుతుందనీ, కోపం తెప్పిస్తుందనీ, ఆగ్నేయ మూలలో ఉంటే కలిసొస్తుందనీ అనేక మాటలు ప్రచారంలో ఉన్నాయి. చివరిది నమ్మకానికి సంబంధించింది. మొదటి రెండింటి మీద పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కంటికి సంబంధించి కొంత గట్టిగా చెప్పగలిగింది వేరే ఉంది. కంటి కటకం ఎరుపునూ నీలాన్నీ ఒకే చోట కేంద్రీకరించలేదు కాబట్టి, పక్కపక్కన ఉన్న నీలం కన్నా ఎరుపు చాలామందికి దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. పొడవైన ఇరుకు హాలులో చివరి గోడకు ఎరుపు వేస్తే అది ముందుకు జరిగినట్టు ఉంటుంది, చిన్న గదిలో వేస్తే గది మరీ చిన్నదవుతుంది.

ఇకపై

సీఆర్‌ఐ 90 దాటిన ఎల్‌ఈడీలు ఇప్పుడు పట్టణ దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. అవి సాధారణ బల్బులంత చవకయ్యే కొద్దీ ఎర్ర ఫర్నిచర్ మీద ఫిర్యాదులు తగ్గే వీలుంది. అద్దె ఇళ్లలో ఉండేవారు ఎర్ర గోడ జోలికి పోకుండా ఎర్ర కుర్చీతోనో కుషన్లతోనో సరిపెట్టుకుంటున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గోడను మళ్లీ తెల్లగా మార్చాలంటే ప్రైమర్‌తో మొదలుపెట్టాలి కాబట్టి అది సరైన లెక్కే.

సోఫాకు ఆర్డరిచ్చే ముందు దుకాణంలో అడిగితే అదే గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి ఇస్తారు. సోఫా వేయదలచిన చోట దాన్ని గోడకు ఆనించి, ఉదయం పదకొండింటికి ఒకసారి, పడమటి ఎండ లోపలికొచ్చే నాలుగు గంటలకు ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి చూడాలి. ఇంట్లో ఆ కుటుంబం ఎక్కువసేపు కూర్చునేది రాత్రిపూటే అయితే మూడో పరీక్షకే ఎక్కువ విలువ. అప్పుడు ముక్క వక్క రంగులో ఉంటే ముందు 2700 కెల్విన్ల బల్బు పెట్టి చూడాలి. అప్పటికీ మారకపోతే వేరే గుడ్డ అడగాలి.